దర్శనం లేని గుడి మెట్ల మీద

నేపాల్లో ఖాట్మండు పక్కనున్న భక్తపూర్‌లో ఊళ్ళోకి అడుగు పెట్టాలంటేనే టికెట్. కోటకో మ్యూజియానికో కాదు, జనం కాపురాలుంటున్న ఊరికి! మనవాళ్ళకి తలా 500 నేపాలీ రూపాయలు, అంటే మన డబ్బుల్లో మూడొందల పైచిల్లర. తెల్లవాళ్ళ దగ్గర అంతకు మూడింతలకు తక్కువ తీసుకోరు కాబట్టి సంతోషించాలేమో. అత్తయ్య సంతోషించలేదు. "వీధిలో నడవడానికి డబ్బులేమిటి, చోద్యం కాకపోతే" అని కౌంటర్ దగ్గరే నిలబడిపోయారు.

నిజానికి ఆవిడ చిరాకు టికెట్ మీద కాదు. ముక్తినాథ్ ప్యాకేజీలో వచ్చాం. పశుపతినాథ్ దర్శనం అయింది, పొద్దున్నే పోఖరా వెళ్ళాల్సిన విమానం మబ్బుల వల్ల రద్దయింది. "ఈ రోజు రెస్టండీ" అని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. మిగతావాళ్ళు రుద్రాక్షల బేరాలకి పోతే, మేమిద్దరం టాక్సీ మాట్లాడుకుని ఇటొచ్చాం.

దర్బార్ స్క్వేర్ ఒక చుట్టు చుట్టేశాం. యాభై ఐదు కిటికీల రాజభవనం ఫోటోలు మీరంతా చూసే ఉంటారు. 2015 ఏప్రిల్ భూకంపంలో కూలిపోయిన వత్సలాదేవి గుడిని మళ్ళీ నిలబెట్టారు. టికెట్ డబ్బులు ఇలాంటివాటికే పోతాయని చెబితే అత్తయ్య కాస్త మెత్తబడ్డారు. అక్కడి నుంచి సందులో నాలుగడుగులు వేస్తే తౌమధి చౌక్. అక్కడే మా రోజంతా గడిచిపోయింది.

చౌక్‌లో న్యాతపోల గుడి ఉంది. భూపతీంద్ర మల్ల రాజు 1702లో కట్టించాడు. ఐదంతస్తుల కప్పు, కింద ఐదంతస్తుల అరుగు, మధ్యలో నిట్టనిలువు మెట్లు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. హోటల్లో మొదటి అంతస్తుకి కూడా లిఫ్టే. అలాంటిది గుడి కనిపించగానే చెప్పులు నా చేతికిచ్చి, మెట్టు మెట్టుకీ చేయి ఆనించుకుంటూ చివరిదాకా ఎక్కేశారు. పైన తలుపు మూసి ఉంది. లోపలున్నది సిద్ధిలక్ష్మి అమ్మవారు. పూజారులు తప్ప ఇంకెవరూ చూడకూడదట, ఏ రోజూ, ఎవరికీ. హారతి లేదు, తీర్థం లేదు, గడపకి పసుపు పెట్టుకునే వీలూ లేదు.

"ఐదొందలు పుచ్చుకుని తలుపేసుకున్నారా!" అన్నారు అత్తయ్య. కిందికి దిగడానికి ఓపిక చాలక నడిమెట్ల మీద, రాతి సింహం పక్కన కూలబడ్డారు.

మా పక్కన నల్లచీర కట్టుకున్న ముసలావిడ ఒకావిడ ఊలు అల్లుతోంది. చీరకి ఎర్రటి అంచు. అక్కడి నెవారీ రైతుకుటుంబాల ఆడవాళ్ళు కట్టేదే. మా గోల విని నవ్వి, వచ్చీరాని హిందీలో మెట్లకి రెండువైపులా ఉన్న రాతిబొమ్మల లెక్క చెప్పింది. అన్నిటికన్నా కింద ఉన్న మల్లయోధులిద్దరికీ మామూలు మనిషికి పదింతల బలం. వాళ్ళకి పదింతలు ఏనుగులు, ఏనుగులకి పదింతలు సింహాలు, వాటిమీద శార్దూలాలు, ఆ పైన బాఘిని, సింఘిని దేవతలు. "అందరికన్నా పైన అమ్మ. ఆవిణ్ణి చూసి తట్టుకునేదెవరు?" అంది. ఊలు బంతిని ఒడిలోంచి జారకుండా మోకాలితో నొక్కిపట్టి, ఎదురుగా ఉన్న భైరవనాథ్ గుడి వైపు సూది చూపించింది. ఆ భైరవుడి కోపం ఊరికి చేటు తెస్తుంటే, ఆయన్ని అదుపులో పెట్టడానికి ఈ అమ్మని తెచ్చి ఇక్కడ నిలిపారట.

అత్తయ్యకి ఈ ఏర్పాటు బాగా నచ్చింది. అప్పటిదాకా నాతో తప్ప మాట్లాడని మనిషి, టీవీ సీరియళ్ళలో నేర్చుకున్న హిందీతో ఆవిడ కోడళ్ళెంతమందో ఆరా తీయడం మొదలుపెట్టారు. నేను పక్కనే ఉన్నానన్న మొహమాటమేం లేదు.

నేను కిందికెళ్ళి జుజు ధౌ తెచ్చాను. గేదెపాలు చిక్కగా మరిగించి, పంచదార కలిపి, మట్టి మూకుళ్ళలో తోడుపెట్టిన పెరుగు. మీద మీగడ కట్టి, చెంచా గుచ్చితే నిలబడుతుంది. మట్టి నీరంతా పీల్చేస్తుంది కాబట్టి అడుగున కూడా చుక్క నీళ్ళుండవు. "పెరుగులో పంచదారేమిటే" అని మొదలుపెట్టిన అత్తయ్య, మూకుడు అంచు దాకా గీకి, "ఇంకోటి తే, ఇద్దరం చెరిసగం" అన్నారు. ఆ సగం నాకు రాలేదు.

చూడ్డానికి ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. భైరవనాథ్ గుడి గోడవారగా రథచక్రాలు పడున్నాయి. ఏప్రిల్లో బిస్కెట్ జాత్రకి (అక్కడి కొత్త సంవత్సరం పండగ) పైఊరువాళ్ళు, కిందిఊరువాళ్ళు ఆ రథాన్ని చెరోవైపు లాగుతారు. ఇప్పుడు మాత్రం వాటి మీద యూనిఫారం పిల్లలు చిప్స్ తింటున్నారు. సత్రం అరుగు మీద నల్లటోపీల తాతలు ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా వచ్చేపోయేవాళ్ళని చూస్తున్నారు. మా అమ్మమ్మగారి వీధిలో ఇలాంటి అరుగులుండేవి. రోడ్డు వెడల్పులో సగం పోయాయి, మిగిలినవాటికి ఇనపచువ్వలు బిగించి బైకులు పెట్టుకున్నారు. గైడ్లు మాత్రం గుంపుల్ని తోలుకొచ్చి, ఐదు నిమిషాలు అంకెలు చెప్పి, ఫోటో తీయించి తోలుకుపోతున్నారు. అంతంత డబ్బు కట్టినవాళ్ళని కాసేపు కూర్చోనివ్వచ్చు కదా అనిపించింది.

టాక్సీ అతను ఫోన్ల మీద ఫోన్లు. చివరికి లేచాం. వెయిటింగ్‌కి అతను అడిగినదాంట్లో సగానికి అత్తయ్య బేరమాడారు, ముప్పావుకి తెగింది. కోటేశ్వర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా మేనేజరు నుంచి మెసేజ్: రేపు పొద్దున విమానం ఖాయమట, నాలుగింటికే లాబీలో ఉండాలట. "మళ్ళీ రద్దయితే చెప్పమను, ఆవిడ రెండో కోడలి సంగతి పూర్తిగా వినలేదు" అన్నారు అత్తయ్య.