పూజకు పోవాలంటే ముందు బస్సు రావాలి

2007లో పోప్ బెనెడిక్ట్ పాత లాటిన్ పూజకు, అంటే లాటిన్‌లో పాత పద్ధతిలో చేసే క్యాథలిక్ మాస్‌కు, ఇచ్చిన వెసులుబాటును 2021 జులైలో పోప్ ఫ్రాన్సిస్ కట్టడి చేసినప్పటి నుంచి మా బావ, ఆయన స్నేహితులు ఎప్పుడు కూర్చున్నా అదే చర్చ, ఒక పోపు ఇచ్చినదాన్ని ఇంకో పోపు వెనక్కి తీసుకోవచ్చా, విధేయతకు హద్దు ఎక్కడ అని. నాకూ పాత పద్ధతే ఇష్టం, ఇప్పటికీ మోకరించి నాలుక మీదే సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, తీసుకుంటాను.

కానీ కడప దగ్గర పల్లెలో ఉండే మా అమ్మ కష్టం వేరు. ఇప్పటి నియమం ప్రకారం సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం చాలు, మంచినీళ్లు, మందులు తీసుకోవచ్చు, వయసు మీద పడ్డవాళ్లకు, జబ్బు చేసినవాళ్లకు ఆ గంట నియమం కూడా లేదు. అమ్మ వినదు. షుగర్ ఉన్న మనిషి, అయినా వాళ్లమ్మ నేర్పినట్టే అర్ధరాత్రి నుంచి గుక్కెడు నీళ్లు కూడా ముట్టదు. పోయిన ఆదివారం బస్సు రాలేదు, ఆటో కోసం ఎండలో ముప్పావు గంట నిలబడి కళ్లు తిరిగి కూర్చుండిపోయింది, పూజ కూడా అందలేదు. ఇంటికొచ్చి ఏడ్చింది, నీరసానికి కాదు, పూజ పోయిందని.

ఆ రోజు బావకు గట్టిగానే చెప్పాను, ఆ చర్చకు పెట్టే టైములో అత్తను బండి మీద గుడికి తీసుకుపో బావా అని. ఈ ఆదివారం ఆరింటికే వస్తానన్నాడు.