బాయ్‌కాట్ దొర ఊళ్లో ఒక రాత్రి

ఐర్లాండ్‌లో డబ్లిన్ నుంచి కారులో మూడున్నర గంటలు పట్టింది బాలిన్‌రోబ్ అనే ఊరికి. "చేపలు పట్టడానికొచ్చారా?" అని అడిగింది మేం దిగిన ఇంటి పెద్దావిడ. పక్కనే లాక్ మాస్క్ సరస్సు మరి. కాదు, బాయ్‌కాట్ గురించి అన్నాం. కెటిల్ పక్కన పెట్టి కుర్చీ లాక్కుంది.

1880 సంగతి మొన్న జరిగినట్టే చెప్పింది. పంటలు పోయి, కౌలు 25 శాతం తగ్గించమన్నారు రైతులు. భూముల యజమాని లార్డ్ ఎర్న్ 10 శాతానికి మించనన్నాడు. ఆయన ఏజెంటే కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. సెప్టెంబర్‌లో ఇళ్లు ఖాళీ చేయించే నోటీసులతో కోర్టు అమీనా బయల్దేరాడు, వెంట పోలీసులు. మూడు నోటీసులు ఇచ్చాడు. తర్వాతి గుమ్మంలో ఫిట్జ్‌మోరిస్ ఇల్లాలు కాగితం ముట్టుకోకుండా ఎర్రగుడ్డ ఊపింది. ఆడవాళ్లంతా పరుగున వచ్చి రాళ్లు, బురద, పేడ అందుకున్నారు. "పేడ" దగ్గర మా పెద్దావిడ చెయ్యి విసిరి మరీ చూపించింది. నా టీ ఒలికింది.

ఆ తర్వాత దొరకి పనివాళ్లు లేరు, కమ్మరి లేడు, దుకాణంలో సరుకు లేదు. మన ఊళ్లలో వెలి అంటే బలమున్నవాళ్లు లేనివాళ్ల మీద వేసేది. ఇక్కడ కౌలు రైతులే దొరని వెలేశారు. ఇంగ్లీషులో దానికున్న మాట జనానికి నోరు తిరగదని, దొర పేరే పెట్టేద్దామన్నది పక్కనున్న నీల్ ఊరి చర్చి ఫాదర్ జాన్ ఒమాలీ అంటారు. ఇవాళ మన పేపర్లలో రోజూ కనిపించే మాట అదే.

దొర పొలంలో దుంపలు తవ్వడానికి ఐర్లాండ్ ఉత్తరాది నుంచి 50 మంది వచ్చారు. వాళ్ల కాపలాకి దాదాపు వెయ్యిమంది సైనికులు! 500 పౌండ్ల విలువైన పంట కోసం 10,000 పౌండ్లు ఖర్చయిందని అప్పటి లెక్క. నవంబర్ చివర్లో దొర కూడా వెళ్లిపోయాడు.

సైన్యం తిరిగిపోతుంటే దారి పక్కన ఒక ముసలమ్మ ఒక్కతే నిలబడి ఉందట. "సైనికుల్ని బెదిరించొద్దని చెప్పానా లేదా?" అని ఫాదర్ ఆమె మీద కేకలేశాడట. ఈ ముచ్చట చెప్పి పెద్దావిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

మర్నాడు వానలో నీల్ ఊరి వైపు వెళ్లాం. పొలం గట్టు మీద నా బూటు ఒకటి బురదలో దిగబడిపోయింది. దాన్ని లాక్కోవడానికి పట్టినంతసేపు కూడా బాయ్‌కాట్ దొర ఉన్న ఇంటిని చూడలేదు.

బిల్లు కట్టేటప్పుడు 25 శాతం తగ్గించమన్నాను. పది అంది.