నూనె బొట్టుకు పొడి కాపలా

చెన్నైలో ఎం.టెక్ ప్రాజెక్టు చేసేటప్పుడు నాలుగు నెలలు నూనెను, నీళ్లను కలపడానికే సరిపోయాయి. సబ్బులాంటిదేదీ వాడకూడదు. సన్నని సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) పొడితోనే ఎమల్షన్, అంటే ఒకదానిలో ఒకటి సన్నని బొట్లుగా చెదిరిన నూనె-నీళ్ల మిశ్రమం, విడిపోకుండా నిలబడాలి. దీన్ని పికరింగ్ ఎమల్షన్ అంటారు. పికరింగ్ అనే శాస్త్రవేత్త దీని గురించి 1907లో రాశాడు. రామ్స్‌డెన్ అనే మరో శాస్త్రవేత్త 1903లోనే చెప్పినా పేరు మాత్రం పికరింగ్‌కే దక్కింది!

మొదట మామూలు సిలికా తీసుకున్నాను. 80 మి.లీ. నీళ్లలో ఒక గ్రాము కలిపి, 20 మి.లీ. నూనె పోసి, హోమోజినైజర్ (వేగంగా గిలక్కొట్టే మిషన్) రెండు నిమిషాలు తిప్పాను. పాలలా తెల్లబడేసరికి సంబరపడ్డాను. టీ తాగి వచ్చేసరికి చారు మీద తాలింపులా నూనె తేలి ఉంది. వేగం పెంచాను, టైం పెంచాను. అదే తంతు.

ల్యాబ్‌లో గుంటూరు అక్క ఒకరుండేవారు. "తమ్ముడూ, మిషన్‌ని తిట్టడం ఆపి పొడి సంగతి చూడు. అది నీళ్లు వదిలి రానంటోంది" అన్నారు. నిజమే, మామూలు సిలికాకు నీళ్లంటే మరీ ఇష్టం, నూనె బొట్టు అంచున కుదురుకోదు. నీళ్లంటని రకం వాడితే కథ తిరగబడి, నూనెలో నీటి బొట్లు తయారయ్యాయి. ఒక చుక్క నీళ్లలో వేస్తే కలవకుండా తేలింది, అలా తెలిసింది. రెండింటికీ మధ్యస్థంగా తడిసే రకంతోనే పని జరిగింది. అది నీళ్లలో మునగనని మొరాయిస్తే, ఐసులో పెట్టి సోనికేటర్‌తో (ధ్వని తరంగాలతో కదిలించే పరికరం) చెదరగొట్టాను. (తూచేటప్పుడు ఫ్యాన్ వేశానో, గదంతా పొగలా పొడి. మాస్కు లేకుండా ముట్టుకోవద్దు.)

ఈ పొడి రేణువు ఒకసారి నూనె బొట్టు అంచున కూర్చుందంటే మామూలు వేడి కదలికలకు లేవదు. పది నానోమీటర్ల వ్యాసార్థం ఉన్నదాన్ని లేపాలన్నా ఆ వేడి శక్తికి వేల రెట్లు కావాలి.

ఇక బొట్లన్నీ ఒకే సైజులో రావాలి. పొడి ఎక్కువేస్తే మంచిదనుకున్నాను. మైక్రోస్కోపులో చూస్తే చిన్నా పెద్దా కలగాపులగం. విసుగొచ్చి పొడి బాగా తగ్గించాను. అప్పుడు కుదిరింది! పొడి చాలక బొట్లు ఒకదానితో ఒకటి కలుస్తూ పోతాయి. కలిసే కొద్దీ మొత్తం ఉపరితలం తగ్గుతుంది. ఉన్న పొడి దాన్ని కప్పేయగానే కలవడం ఆగిపోతుంది. అందుకే దాదాపు అన్నీ ఒకే సైజు. పొడి సగం చేస్తే బొట్టు వ్యాసం ఇంచుమించు రెట్టింపయింది. ఈ లెక్క పరిశోధన పత్రాల్లో ముందే ఉంది, నేనే చదవలేదు.

మర్నాడు సీసాలో తెల్లటి పొర పైకి చేరి, కింద నీళ్లు కనిపించాయి. మా గైడ్ గారు ముఖం చిట్లించారు. సీసాను నెమ్మదిగా తలకిందులు చేసి చూపించాను. మళ్లీ తెల్లగా కలిసిపోయింది. నూనె చుక్క కూడా విడిపోలేదు.