మన డౌటు, వాళ్ళ డౌటు

ఎడిన్‌బరో ఆఫీసులో మీటింగ్ అయిపోగానే మా మేనేజర్ నన్ను పక్కకి పిలిచి, నా డిజైన్ మీద నమ్మకం లేకపోతే అందరి ముందూ అనకుండా విడిగా చెప్పొచ్చుగా అన్నాడు. నేనన్నది ఐ హావ్ ఎ డౌట్ అని ఒక్క ముక్క, అదీ చెయ్యెత్తి మరీ మర్యాదగా. ఆయనది లండన్, ఆ చెవికి నీ లెక్క తప్పు అన్నట్టు వినపడిందంట. క్వశ్చన్ అనాలంట.

సరే అన్నా గానీ లోపల మండింది. సెలవుకొచ్చి బ్రాడీపేటలో అక్కావాళ్ళింట్లో కూర్చుని ఇది టైప్ చేస్తుంటే కూడా మండుతూనే ఉంది.

గుంటూర్లో చదువుకున్నోళ్ళకి డౌటంటే ఏంటో వేరే చెప్పాలా. అరండల్‌పేట ట్యూషన్లో సారు బోర్డు తుడుస్తా "డౌట్లేమన్నా ఉన్నాయంట్రా" అంటే ఒక్కడూ లేవడు, మెట్లు దిగేటప్పుడు మాత్రం అందరికీ ఉంటాయి. డౌటంటే నాకర్థం కాలేదు సార్ అని లోటు మన మీదే వేసుకోవడం. క్వశ్చనంటేనే, చెప్పు నువ్వు అని ఎదుటి మనిషిని నిలదీసినట్టు ఉంటది. నన్నడిగితే ఆ రెండోదే పొగరు.

అట్టని మిగతా అర్థాలు మనకి తెలీవా? "వాడు పెళ్ళికి రావడం డౌటే" అంటే రాడని. "పర్సు పోయింది, నాకా ఆటోవాడి మీదే డౌటు" అంటే వాడే తీసుంటాడని. ఒకే మాట, ఓ చోట కాదని, ఇంకో చోట అవునని. ఇంగ్లీషు రాని మా అమ్మ కూడా ఏది ఎక్కడో తడుముకోకుండా వాడేసిద్ది.

అదే ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయనది స్కాట్లండే. కిటికీలోంచి మబ్బు చూసి "ఐ డౌట్ ఇట్ల్ రెయిన్" అంటాడు, అని గొడుగు తీస్తాడు. వాన రాదని కాదు, వచ్చిద్దేమోనని. అక్కడి పాత మాట తీరు అదేనంట, ఆటోవాడి మీద మన డౌటు లాంటిదే. నా సంగతి విని నవ్వి, లండనోళ్ళకి మా డౌటే అర్థం కాదు, నీదేం అర్థమయిద్దిలే అని టీ పెట్టిచ్చాడు. ఆ ఒక్క మాటకి ఎంత తేలికపడ్డానో.

తర్వాత కూర్చుని వెతికా. పాత ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు డౌట్‌కి భయం అనే అర్థం కూడా ఉందంట. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్‌లో ఏదో మోసం జరిగిందని యువరాజు అనుమానపడేది ఐ డౌట్ అనే. ఎదుటోళ్ళు జంకే మొనగాణ్ణి రిడౌటబుల్ అంటారే, పాత భయం అందులో మిగిలింది. ఇంక స్పెల్లింగులో పలకని ఆ బి, అది ఇంగ్లీషులో మొదట లేనే లేదు, లాటిన్ డుబిటారేని చూసుకుని పండితులు తర్వాత ఇరికించారు, అప్పు అనే డెట్‌లోనూ అంతే. డిక్టేషన్లో మనం తిన్న దెబ్బలన్నీ వాళ్ళ పుణ్యమే! ఆ లాటిన్ మాటకి మూలం రెండు, డువో. మన ద్వి దానికి చుట్టం, అందుకే మనసు రెండుగా ఊగడాన్ని మనం ద్వైధీభావం అన్నాం.

మా మేనేజర్ మెయిల్లో "నో డౌట్ యు హావ్ చెక్డ్ దిస్" అని రాస్తాడు. నమ్మకమని మురిసిపోకండి, చెక్ చేసి చావు అని దానర్థం.