బతుకమ్మను నేను పేర్చిన ఏడు

హనుమకొండలో మా అమ్మ బతుకమ్మ పేరిస్తే వాడకట్టంతా వచ్చి చూసిపోయేవారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేదు. దాంతో పోయిన ఏడాది పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నా మీద పడింది. చిన్నప్పుడు పువ్వులు అందించడమే తప్ప నేను పేర్చింది లేదు. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం, అపార్ట్‌మెంట్‌లో ఎవరో పేర్చిన దాని చుట్టూ ఆడి ఫోటోలు దిగడం, అంతే.

అసలు పనంతా ముందురోజే. తంగేడు, గునుగు లేకుండా బతుకమ్మ ఏంటి? ఒకప్పుడు ఊరి బయట చెలకల్లో దొరికేవి, ఇప్పుడక్కడ ప్లాట్లు లేచాయి. పల్లెల నుంచి కట్టలు కట్టి తెచ్చే ఆడవాళ్ల దగ్గర కొన్నాం. రేటు ఎక్కువే చెప్పారు కానీ, ఆ పువ్వు కోసం ఎంత తిరిగారో అనిపించి బేరం ఆడలేదు. తంగేడు తొందరగా వాడిపోతుంది కాబట్టి తడిగుడ్డ కప్పి నీడన పెట్టాం. గునుగుకు చాకిరీ ఎక్కువ. కాడలన్నీ ఒకే పొడవుకు కోసి, చిన్న చిన్న కట్టలుగా దారంతో కట్టి, వేడి నీళ్లలో కలిపిన రంగుల్లో పువ్వులు ముంచి ఆరబెట్టాలి. "ఇది ఆడోళ్ల పండుగ" అని తమ్ముడు జారుకోబోతే అమ్మ వాడి చేతికి కత్తెర ఇచ్చి కూర్చోబెట్టింది. నాకంటే సమంగా కోశాడు.

పొద్దున తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి మొదటి వరుస తంగేడు పెట్టాను. బయటి వరుస ఎవరైనా పేరుస్తారు, లోపల నింపడంలోనే ఉంది పనితనమంతా. ప్రతి వరుసకూ మధ్యలో తరిగిన ఆకులు, మిగిలిన కాడలు కుక్కాలి. "గట్టిగ కుక్కు బిడ్డా, గుండం కాడికి పోయేదాక ఒరగద్దు" అని అమ్మ కుర్చీలోంచి ఒకటే పోరు. గుండమంటే బతుకమ్మను వదిలే కొలను. పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గించాలి. మరీ తొందరగా తగ్గిస్తే పొట్టిగా వస్తుంది, తగ్గించకపోతే పైబరువుకు వాలుతుంది. కూర్చున్న చోటి నుంచి ఆ వంపు కనబడదు. నాలుగు వరుసలకోసారి లేచి చుట్టూ తిరిగి చూసుకోవాల్సిందే. తంగేడు మీద రంగు గునుగు, దాని మీద బంతి, మళ్లీ తెల్ల గునుగు, కట్లపూలు, చివరికి గుమ్మడి పువ్వు మీద పసుపు గౌరమ్మ. పక్కన పిల్ల బతుకమ్మను మా పాప పేర్చింది. అది కాస్త వంకరగానే వచ్చింది, దాన్ని ముట్టుకోనివ్వలేదు.

సద్దుల సంగతి అమ్మే చూసుకుంది. పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం, మలీద ముద్దలు.

మా దగ్గర మొదటి రోజు, ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి కిటకిటలాడితే, సద్దుల నాడు జనమంతా పద్మాక్షి గుట్ట కింది గుండానికే. మేం వెళ్లేసరికి ఒక పక్క డీజే మోగుతోంది. ఒక పెద్దావిడ పాట అందుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని చప్పట్లు కొడుతూ తిరగాలి. ఆ మోతలో ఆమె గొంతు ఎవరికి వినబడుతుంది? నాకైతే అది పండుగలా లేదు. అందుకే ఇంకాస్త దూరంగా జరిగి, మా వాడకట్టు వాళ్లమే బతుకమ్మలన్నీ ఒకచోట పెట్టి ఆడుకున్నాం. పాటల చరణాలు సగం నాకు రావు. కుర్చీలో కూర్చునే అమ్మ పాడింది, మేం అందుకున్నాం.

గుండంలో వదిలే దాకా బతుకమ్మ ఒరగలేదు. గౌరమ్మ పసుపు పుస్తెలకు రాసుకుని, "ఇస్తినమ్మ వాయినం", "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనుకుంటూ సద్దులు పంచుకున్నాం. మలీద ముద్దలు మా దాకా మిగల్లేదు.

వచ్చే ఏడు కూడా నేనే పేర్చాలని అమ్మ అప్పుడే తేల్చేసింది. గునుగు కోయడం మాత్రం తమ్ముడి పనే.