తమ్ముడి కంట్లో మచ్చ

పడుకుందామంటే బాబాయి మాటలే చెవిలో మోగుతున్నాయి. "చిన్న వయసు కదమ్మా, ఏం కాదు, వదిలెయ్."

కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్లిన తమ్ముడికి ఎడమ కంటి ఐరిస్ మీద, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం మీద, మచ్చ ఉందన్నారు. చీటీలో 'నీవస్' అని రాసి, పక్కనే మెలనోమా అని రాసి ఓ ప్రశ్నార్థకం పెట్టారు. నీవస్ అంటే పుట్టుమచ్చ లాంటిది, మెలనోమా అంటే క్యాన్సర్. ఇక ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? అమ్మ పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదు. వాడేమో క్రికెట్ చూస్తున్నాడు. నాకు ఆ డాక్టరు మీద ఒళ్లు మండింది. అనుమానం ఉంటే మనిషిని కూర్చోబెట్టి చెప్పాలి గానీ, చీటీ మీద గీకి పంపేస్తారా?

నాన్న కుడి కంట్లోనూ ఒకటుండేది. అరుగు మీద ఎండలో కూర్చున్నప్పుడు బాగా కనిపించేది. "నాన్నా, కళ్లు పెద్దవి చెయ్యి" అని మీదెక్కి చూసేవాళ్లం. నాయనమ్మ అదృష్టం అనేది. మేనత్త మాత్రం కంట్లో మచ్చున్నవాళ్లకి కోపమెక్కువ అనేది. కోపం సంగతి నిజమే, కరెంటు బిల్లు వచ్చిన రోజు ఇంట్లో ఎవరం నోరెత్తేవాళ్లం కాదు. ఆ మచ్చ చివరిదాకా అలాగే ఉంది. దానికెవరూ పేరు పెట్టలేదు. ఈ పేర్ల గోల ఎందుకసలు అనిపించింది.

కానీ రాత్రి కూర్చుని చదివితే పేర్లు పనికొచ్చేవే. పైపైన పరుచుకుని ఐరిస్ గీతల్ని కదిలించకపోతే ఫ్రెకిల్. లోపలి పొరలోకి దిగి ఆ గీతల్ని కప్పేస్తే నీవస్. వెనక నుంచి తోసుకొచ్చే నీటితిత్తి కూడా గడ్డలాగే కనిపిస్తుందట, అల్ట్రాసౌండ్‌లో గానీ లోపల డొల్ల అని తెలియదు. 1981లో జాకోబెక్, సిల్బర్ట్ అనే ఇద్దరు 189 ఐరిస్ మచ్చల్ని మళ్లీ పరీక్షించి, మెలనోమా అని ముద్రపడ్డవాటిలో ఎక్కువ భాగం నీవస్‌లేనని తేల్చారు. పేరు తప్పు పడితే ఎంత పని!

ఫిలడెల్ఫియాలోని విల్స్ ఐ హాస్పిటల్ వాళ్లు 2013లో 1611 కళ్ల లెక్క చూసి, ఏ నీవస్‌ని కనిపెట్టి ఉండాలో ఏ నుంచి ఎఫ్ దాకా గుర్తులు పెట్టారు. చిన్న వయసు, కంట్లో రక్తం, కంటిని గడియారం అనుకుంటే 4 నుంచి 9 గంటల మధ్య కింది భాగం, పరుచుకుపోవడం, కంటిపాప అంచు బయటికి తిరగడం, ఈకల్లా చెదిరిన అంచులు. మొదటి అక్షరమే వయసు! 40 లోపు వాళ్లనే ఎక్కువ గమనించాలట. ఇక బాబాయికి ఫోన్ చేసి ఏం చెప్పను?

వాడికి 33, మచ్చ 6 గంటల దగ్గర. మిగతా నాలుగూ లేవు. ఆ లెక్కలో పదేళ్లకి మెలనోమాగా మారేవి సుమారు 4 శాతమే, అదీ పెద్దాసుపత్రికి పంపిన కళ్లలో. అంటే ఆ ప్రశ్నార్థకం న్యాయమైనదే. నోటితో చెప్పలేదన్న కోపం మాత్రం పోలేదు.

అమ్మ ఇందాకే పెరుగన్నం తింది.

ఆరు నెలలకి మళ్లీ ఫొటో తీయించి పక్కపక్కన పెట్టి చూడాలట. "ఫోన్లో తీసేస్తే సరిపోదా అక్కా?" అంటున్నాడు. సరిపోదురా, స్లిట్ ల్యాంప్ కిందే తీయాలి, అదే కంటి డాక్టరు దగ్గరుండే లైటు మైక్రోస్కోపు. ఈసారి లోపలికి నేనూ వస్తాను.