పికప్ మార్చే ముందు ఆ జాక్ ఎక్కడ పెట్టారో చూడండి

మొన్న బ్రాడీపేటలో ప్రేయర్ మీటింగ్‌కి సౌండ్ చెక్ చేస్తుంటే ఒక తమ్ముడు టెన్షన్‌గా వచ్చాడు. "గిటార్ మొద్దుగా మోగుతోంది అన్నా, పికప్ పోయిందేమో, రేపు విజయవాడ వెళ్లి కొత్తది వేయించేస్తా" అన్నాడు. నేను గిటార్ ముట్టుకోకుండా కేబుల్ పట్టుకుని వెళ్లి చూస్తే అది నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో (కీబోర్డ్ లాంటి వాటి బలమైన సిగ్నల్ కోసం ఉండే జాక్) ఉంది. పికప్‌కి (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఏమీ కాలేదు.

సింగిల్ కాయిల్ పికప్‌ని మల్టీమీటర్‌తో చూస్తే 6 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, అక్కడే అందరూ మోసపోతారు. అది తీగ చుట్ట కాబట్టి ఇండక్టెన్స్ (మారే కరెంటుని అడ్డుకునే గుణం) రెండున్నర హెన్రీల దాకా ఉంటుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే మొత్తం అడ్డు) కూడా పెరిగి 4 కిలోహెర్ట్జ్ దగ్గర 60 కిలో ఓమ్‌లు దాటిపోతుంది. లైన్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 10 కిలో ఓమ్‌లే అనుకోండి, బేస్‌లో మూడింట రెండు వంతుల దగ్గర వోల్టేజ్ అవతలికి చేరుతుంది, పైన ట్రెబుల్‌లో మాత్రం ఆరో వంతే. మొద్దుగా మోగక ఏం చేస్తుంది? గిటార్ ఆంప్ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ పెట్టేది ఇందుకే. ఇక్కడ రెండు వైపులా ఇంపెడెన్స్ సమానంగా ఉండాలని చాలామంది అనుకుంటారు, అది తప్పు. తీసుకునే వైపు ఇచ్చే వైపు కన్నా కనీసం పది రెట్లు ఉండాలి. (వాల్వ్ ఆంప్ నుంచి స్పీకర్‌కి వెళ్లేటప్పుడు లెక్క వేరు, అక్కడ ఆంప్ మీద 8 ఓమ్‌లు అని ఉంటే 8 ఓమ్‌ల స్పీకరే పెట్టండి, స్పీకర్ లేకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు.)

యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చే, కరెంటుతో నడిచే చిన్న పెట్టె) మధ్యలో పెట్టి, దాన్నుంచి మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి ఇచ్చి, ఫాంటమ్ (మైక్ కేబుల్ మీదుగానే మిక్సర్ ఇచ్చే కరెంటు) ఆన్ చేశాం. మొదటి కార్డ్ కొట్టగానే పై తీగలు గలగలమన్నాయి, వాడి ముఖం చూడాలి! డీఐ లేకపోతే బఫర్ (పికప్ మీద భారం పడకుండా సిగ్నల్‌ని ముందుకు పంపే సర్క్యూట్) ఉన్న పెడల్ ఏదైనా మధ్యలో పెట్టినా పని జరుగుతుంది.

లెవల్ గొడవ వేరే. ప్రొఫెషనల్ లైన్ లెవల్ ప్లస్ 4 డీబీయూ, అంటే దాదాపు 1.23 వోల్టులు. పికప్ మామూలు వాయింపుకి ఇచ్చేది అందులో చాలా చిన్న భాగం. అందుకే మల్టీ ఎఫెక్ట్స్‌ని (చాలా ఎఫెక్టులు ఒకే పెట్టెలో ఉండే పెడల్) లైన్ లెవల్‌లో ఉంచి ఆంప్ ముందు ఇన్‌పుట్‌కి ఇస్తే క్లీన్ టోన్ కూడా పగిలిపోతుంది. మెనూలో ఇన్‌స్ట్రుమెంట్‌కి మార్చండి, లేదా ఆంప్ వెనకాల ఎఫెక్ట్స్ రిటర్న్ (ఆంప్‌లో టోన్ మలిచే మొదటి భాగమైన ప్రీఆంప్‌ని దాటేసే జాక్) ఉంటే అందులో పెట్టండి. నాకు రిటర్నే ఇష్టం, ఎందుకంటే మల్టీ ఎఫెక్ట్స్‌లో ఆంప్ మోడల్ ఆల్రెడీ నడుస్తుంటే దాని మీద ఇంకో ప్రీఆంప్ రంగు పడదు.

ఆ తమ్ముడు ఇప్పుడు ఫజ్ (సౌండ్‌ని గరుకుగా పగలగొట్టే పెడల్) కొంటానంటున్నాడు. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ లాంటి సర్క్యూట్లకి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా తక్కువ, కానీ వాటికి అదే అందం. పికప్ నేరుగా తగిలితేనే గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు సౌండ్ శుభ్రపడుతుంది, ముందు బఫర్ పెడితే గరగరమంటుంది. దాన్ని మాత్రం గిటార్ తర్వాత మొట్టమొదట పెట్టుకోమని చెప్పాను.